ఈల అందే దూరం

ఆఫీసు, మేడ మీది గది
వానలు వెలిసిన వారం

తమ్ముడికి,

నేను బాగానే ఉన్నాను. నువ్వూ అలాగే ఉండాలని పొద్దున ప్రార్థనలో అడిగాను.

ఈ ఏడు మొదటి బడి ఖాయమైంది. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు. వెంట సైన్సు టీచరమ్మ, డ్రిల్లు మాస్టారు వస్తారు. మూడు రాత్రులు నీ శిబిరంలో ఉంటారు. వాగు పక్క దారి, చదును బండ, పై అడవి, తిరుగు దారి. పథకం ఈ కవరులోనే పెట్టాను. ఎప్పటిలాగే నువ్వు ముందొకసారి నడిచి చూసి రాయాలి. నీళ్ళెక్కడ, నీడెక్కడ, వాన పట్టుకుంటే వెనక్కి తిరిగే చోటెక్కడ. నీ కాళ్ళతో చూసి చెప్పందే నేను ఏ బడికీ తేదీ ఇవ్వనని నీకు తెలుసు.

ఒక తల్లి ఆఫీసుకొచ్చి కొండ మీద ఇంటర్నెట్ ఉందా, పులి ఉందా అని ఒకే గుక్కలో అడిగింది. రెండూ లేవన్నాను. మొదటిదానికే దిగులు పడింది.

శిబిరం ఫోను ఎంత మోగినా ఎవరూ ఎత్తడం లేదట. పెద్దాయన అడిగాడు. ఆయన సంస్థ, ఆయన ఫోను, అడగడా మరి. తీగ ఎక్కడైనా తెగిందేమో చూడు.

అక్క


కొండ మీద, శిబిరం వరండా

అక్కా,

నీ కవరు, సరుకుల జీపు, బంగాళాదుంపల బస్తా కలిసే వచ్చాయి. వంటాయన బస్తాని కౌగిలించుకున్నాడు, నేను కవరుని.

ముందు ఫోను సంగతి. తీగలేం తెగలేదు. ఎత్తితే ఒకటే గరగర. అవతలి మనిషి నీళ్ళలో మునిగి మాట్లాడుతున్నట్టుంటుంది. అలాంటి ఫోనులో నీతో మాట్లాడే కన్నా ఉత్తరమే నయం. జీపు వారానికోసారి ఎలాగూ వస్తుంది. నీ అక్షరాలు కూడా నీలాగే తొందర లేకుండా ఉంటాయి. పెద్దాయనతో ఫోను పాతదైపోయిందని చెప్పు.

దారి మొత్తం నడిచాను. వాగు నీళ్ళు మోకాలి కిందే ఉన్నాయి, పిల్లలు చేతులు పట్టుకుని దాటొచ్చు. చదును బండ మీద నాచు పట్టింది, గీకించాను. పై అడవిలో ఒక పెద్ద చెట్టు దారికి అడ్డంగా పడింది. తీయించలేదు, పిల్లలు ఎక్కి దిగడానికి బాగుంటుంది. వాన పట్టుకుంటే ఆ చెట్టు దగ్గరి నుంచే వెనక్కి.

ఒంటరి గంట కోసం కొత్త చోట్లు వెతికాను. పోయినేడు పెట్టిన చోట్ల నుంచి ఒకళ్ళకొకళ్ళు కనిపిస్తున్నారు, సైగలు చేసుకుంటున్నారు. నీకీ తంతు కాగితం మీదే తెలుసు, ఒకసారి వచ్చి చూడాలక్కా. ఒక్కో పిల్లనీ ఒక్కో చెట్టు కింద కూర్చోబెడతానా, పుస్తకం ఉండదు, ఫోను ఉండదు, పక్కన స్నేహితురాలుండదు. మెడలో ఒక ఈల మాత్రం ఉంటుంది. భయమేస్తే ఊదమంటాను, నేను వస్తాను. ఎవరినీ ఈల అందే దూరం దాటించను. మొదట్లో గోళ్ళు కొరుక్కుంటారు. గంట గడిచి నేను వెళ్ళి లేవదీస్తే కొందరికి లేవబుద్ధి కాదు. ఆ ముఖాలు చూడటానికే నేనింకా ఈ కొండ మీదున్నాను.

ఈసారి వానాకాలం పొడుగ్గా గడిచింది. వంటాయన వాళ్ళింటికి వెళ్ళొచ్చేదాకా నేనొక్కడినే. పిట్టలు కూడా తగ్గాయి అక్కా. పై అడవిలో చప్పుడే లేదు. ఎందుకో మరి, వేరే కొండకి పోయినట్టున్నాయి.

నీ తమ్ముడు


ఆఫీసు, మేడ మీది గది

తమ్ముడికి,

నీ ఉత్తరం చూసి తేదీ ఇచ్చాను. తల్లిదండ్రుల సంతకాలన్నీ వచ్చాయి. ఇద్దరు పిల్లలకి తేనెటీగ కుడితే పడదు, వాళ్ళ మందులు టీచరమ్మ దగ్గరుంటాయి. ఒక పిల్లకి నిద్రలో నడిచే అలవాటు, ఆమెను తలుపుకి దూరంగా పడుకోబెట్టు.

పెద్ద టీచరు ఒంటరి గంట తీసేయమంది. పిల్లలు బెంగ పడతారని ఆమె భయం. "అమ్మా, మా తమ్ముడు దగ్గర్లోనే ఉంటాడు, ఒక్క ఈల ఊదితే చాలు" అన్నాను. ఆ మాట మీద ఒప్పుకుంది.

బావ పోయాక నేనీ మేడ మీదికి మారి ఇన్నేళ్ళయింది, నాకింకా గది పెద్దదిగానే అనిపిస్తుంది. కింద దర్జీ కొట్టులో మిషన్లు నడుస్తున్నంతసేపూ బాగుంటుంది. అవి ఆగితే ప్రార్థనకి కూర్చుంటాను. ప్రార్థన ఎప్పుడూ ఆదుకుంటుంది. దాని తర్వాత ఏం చేయాలన్నదే అప్పుడప్పుడూ తోచదు.

పిట్టలు ఎక్కడికీ పోవు. వస్తాయి.

అక్క


కొండ మీద, శిబిరం

అక్కా,

పిల్లలు పొద్దున్నే దిగి వెళ్ళారు. శిబిరం ఒక్కసారిగా ఎండిపోయినట్టుంది. తాడు మీద ఒక పసుపు సాక్సు మర్చిపోయారు. రెండోది ఏ కాలికుందో.

అంతా బాగా జరిగింది. వాగు దాటేటప్పుడు డ్రిల్లు మాస్టారొక్కడే జారి పడ్డాడు. పిల్లలు నవ్వకూడదని ఎంత కష్టపడ్డారో. ఆయనే "నవ్వండమ్మా, బిగబట్టుకోకండి" అన్నాడు. అడ్డంగా పడిన చెట్టు దగ్గర గంటసేపు ఆడారు. టీచరమ్మ పిల్లలకి చెట్ల వేర్లూ నాచూ చూపించింది, చెవి పెట్టి ఏవేవో వినమంది. మంచి మనిషే కాని నేనంటే ఎందుకో కొంచెం ముభావంగా ఉంది.

ఒక్క చిన్న సంగతి. ఒంటరి గంటలో నీలం టోపీ పిల్ల తన చోటు నుంచి లేవబోయి రాయి మీద కాలు మెలిక పడింది. ఈల మెడలోనే ఉంది, ఊదలేదు. గంట అయ్యాక నేను లేవదీయడానికి వెళ్తే కన్నీళ్ళు ఎండిన ముఖంతో అలాగే కూర్చుని ఉంది. "ఊదొచ్చు కదమ్మా" అన్నాను. నా వైపు అదోలా చూసింది. ఈ కాలం పిల్లలకి మొహమాటం ఎక్కువ. భుజాన వేసుకుని తీసుకొచ్చాను. వాపు రెండో రోజుకే తగ్గింది. టీచరమ్మకి చెప్పాను, నీకూ చెప్తున్నాను. కాగితం మీద రాసుకో.

పిట్టలింకా రాలేదు.

నీ తమ్ముడు


ఆఫీసు, మేడ మీది గది

తమ్ముడికి,

సైన్సు టీచరమ్మ వచ్చి వెళ్ళింది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

నీలం టోపీ పిల్ల ఈల ఊదిందట. ఆగి ఆగి ఊదిందట. పెదవులు నొప్పి పుట్టేదాకా ఊదిందట. వాగు వైపు కూర్చున్న పిల్లలకి కూడా వినపడిందట. చోటు వదలకూడదని నువ్వు గట్టిగా చెప్పావు కాబట్టి ఎవరూ లేవలేదు. "ఆయన వస్తారు అనుకున్నాం మిస్" అన్నారట. "నేను శిబిరంలో ఉన్నాను, చూసింది పిల్లలే. మీ తమ్ముడుగారు చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నారు, నిద్ర కూడా పోవడం లేదు, విని కూడా రాలేదు" అని టీచరమ్మ అంది.

నువ్వు విని రాని మనిషివి కావని నాకు తెలుసు. ఆమె అబద్ధమాడే మనిషిలా కూడా లేదు. ఇద్దరి మాటా నిజం అయ్యేలా చూడమని ప్రార్థించాను.

ఈలలు పాతవయ్యాయి, ప్లాస్టిక్‌వి, గాలి కారుతుంది. అందుకే ఇనుప ఈలలు కొని ఈ జీపులో పంపుతున్నాను. కొట్టువాడు ఊది చూపించాడు. చాలా సన్నగా, సూదిలా ఉంది శబ్దం. వీధి చివర కుక్క లేచి నిలబడింది. వాడి చూసి, నీకు ఎంత దూరం నుంచి వినపడ్డాయో రాయి. వచ్చే బడి చిన్న తరగతి, వివరాలు తర్వాత పంపుతాను.

అక్క


కొండ మీద, శిబిరం

అక్కా,

ఈలలు అందాయి. మెరుస్తున్నాయి. వంటాయన ఒకటి మెడలో వేసుకుని వంటింట్లో తిరుగుతున్నాడు, తనకి ఇన్నాళ్ళకి పదవి వచ్చిందంటున్నాడు. మంచి ఈలలే. అతను చదును బండ మీద నిలబడి ఊదితే లోయ దాకా వెళ్తుందంటున్నాడు.

టీచరమ్మ మాటకి నాకు మనసు కష్టమయింది. వింటే వెళ్ళనా? పై అడవిలో గాలి ఎక్కువ, శబ్దం అటో ఇటో కొట్టుకుపోతుంది. ఆ రోజు గాలి అటు తిరిగి ఉంటుంది. ఇన్నేళ్ళలో ఒక్క పిల్లకి కాలు మెలిక పడితే ఇంత పంచాయితీనా. అయినా ఆమెకి క్షమాపణ ఉత్తరం రాసి పంపాను.

తర్వాతి బడి వివరాలు పంపు. చిన్న తరగతి అన్నావు, ఎంత చిన్న? చిన్నవాళ్ళయితే ఒంటరి గంట అరగంట చేస్తాను. చోట్లు దగ్గర దగ్గరగా పెడతాను. రాత్రి నక్షత్రాలు చూపిద్దాం, దుప్పట్లు ఎక్కువ పంపించు. నిప్పు చుట్టూ కూర్చునే చోట దుంగలు మార్చాను. ఇక్కడ చేతినిండా పనే, కాని సాయంత్రాలు ఎటూ తోచడం లేదు. వంటాయన తొందరగా పడుకుంటాడు. మాట్లాడటానికి మనిషి లేకపోతే మాటలు నోట్లోనే పాతబడిపోతాయక్కా.

నీ తమ్ముడు


ఆఫీసు, మేడ మీది గది
చలి మొదలైంది

నాన్నా,

ఈలలు నీకు వినపడ్డాయా అని అడిగాను. వంటాయనకి వినపడ్డాయని రాశావు.

మొన్న ఆ బడి పిల్లలు రాసిన వ్యాసాలు టీచరమ్మ పంపింది. ఒంటరి గంటలో ఏం చూశారు, ఏం విన్నారు అని రాయించింది. ఒక్కో పిల్ల ఒక్కో రకంగా రాసింది. ఒకామె తన తలపైన ఒక పిట్ట ఊరికే అదే ముక్క తిరగేసి మరగేసి పాడి విసిగించిందని రాసింది. ఇంకొకామె అడవి ఇంత గోలగా ఉంటుందనుకోలేదని రాసింది. పిట్టలు, పిట్టలు, ఏ కాగితం చూసినా పిట్టలే.

పై అడవిలో చప్పుడే లేదని నువ్వు రాశావు.

నాన్నా, నీకు వినపడుతోందా? ఫోను గరగర, పిట్టలు పోవడం, గాలి అటు తిరగడం, ఇవన్నీ ఒకటేనేమో చూసుకో. నిన్ను నిందించడం లేదు. అడుగుతున్నాను.

వచ్చే బడి నాలుగో తరగతి. అంత పసివాళ్ళని నువ్వు ఇంతకుముందు తీసుకెళ్ళలేదు. పథకంలో నాయకుడి పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంచాను. నువ్వు జవాబు రాసేదాకా అక్కడ నీ పేరు రాయను.

అక్క


కొండ మీద, శిబిరం

అక్కా,

నా పేరు రాయవా. బాగుంది.

నాకు చెవుడా? వంటాయన గరిటెతో గిన్నె వాయిస్తే వినపడుతుంది. జీపు మలుపు తిరుగుతుంటే వినపడుతుంది. ఉరుము వినపడుతుంది. నువ్వు ఆ మేడ మీద కూర్చుని పిల్లల వ్యాసాలు చదివి నా చెవులకి పరీక్ష పెట్టావు. దారి నడిచేది నేను, వాగులో దిగేది నేను, భుజాన మోసేది నేను. నువ్వు ఒక్కసారైనా ఈ కొండ ఎక్కావా? నీడెక్కడ, నీళ్ళెక్కడ అని అడుగుతావు. నాకు నీడెక్కడో ఎప్పుడైనా అడిగావా?

రాత్రి రాసిన పై మాటలు కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయలేదు, నా కోపం కూడా నువ్వు చూడాలి.

సరే, చెప్తున్నాను. గుంపులో మాట్లాడితే కొన్ని మాటలు అందవు. ముఖం చూస్తే అందుతాయి. పిల్లలు సన్నగా మాట్లాడతారు, అందుకే నేను వంగి దగ్గరగా వింటాను, వాళ్ళకది ముద్దుగా ఉంటుంది. అంతే. అంతకు మించి ఏమీ లేదు.

నాన్న గుర్తున్నాడా నీకు? ఆఖర్లో మూల కుర్చీ. మనం ఆయన ముందే కూర్చుని ఆయన మందుల గురించి, ఆయన విసుగు గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆయన మన పెదాలు చూస్తూ, ఎక్కడ నవ్వాలో తెలియక, అందరూ నవ్వాక నవ్వేవాడు. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టకు అక్కా. ఈ కొండ మీద ఎవరూ ఎక్కువ మాట్లాడరు, నాకు ఇదే సరిపోయింది. పిల్లల్ని నా దగ్గర నుంచి తీసేస్తే ఇక్కడ నేనెందుకు? కిందికొచ్చి ఏ మూల కూర్చోను?

ఈ ఏడాది గడవనీ. పెద్దాయనకి ఏమీ చెప్పకు. చిన్నపిల్లల చోట్లు నాకు కనిపించేంత దగ్గర్లో పెడతాను. ఈల అవసరమే ఉండదు. నీకు నా మీద నమ్మకం ఉంటే నా పేరు రాయి.

నీ తమ్ముడు


ఆఫీసు, మేడ మీది గది

నాన్నా,

నీ ఉత్తరం రెండు రోజులు బల్ల మీదే పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చదివాను. మూడో రోజు పొద్దున ప్రార్థన అయ్యాక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను.

చెప్పాను. నీకు ముందు తెలియాలని ఈ జీపుకే రాస్తున్నాను, ఇంకొకరి నోటి నుంచి వినకూడదు.

చిన్నపిల్లల బడికి తేదీ మార్చాను. పిల్లల్ని నడిపించడానికి ఒక అమ్మాయి వస్తుంది. కొండలెక్కడంలో శిక్షణ పొందింది, మన దారి తెలియదు. నువ్వు నేర్పాలి. శిబిరం నీదే, దారులు నీవే, సామాను నీవే. పిల్లల బాధ్యత మాత్రం నీది కాదు. పెద్దాయన నిన్ను పంపేద్దామనలేదు. అన్నా నేను ఒప్పుకోను.

చెవుల డాక్టరు దగ్గరికి నీ బదులు నేను వెళ్ళాను. రోగి ఎక్కడమ్మా అన్నాడు. కొండ మీద అన్నాను. విని ఒక సంగతి చెప్పాడు. కొందరికి పెద్ద చప్పుళ్ళు అందుతూనే ఉంటాయట, సన్నటివి ముందు పోతాయట. గరిటె వినపడుతుంది, పిట్ట వినపడదు. ఇది తెలియక నేను ఇంకా సన్నటి ఈలలు ఏరి పంపాను.

నీ మీద నాకు నమ్మకం ఉంది. అయినా నీ పేరు రాయలేదు. ఈ రెండూ నాలో ఒకేసారి ఉన్నాయి, నేనేం చేయను.

అక్క


ఆఫీసు, మేడ మీది గది

నాన్నా,

జీపు ఉత్తరం లేకుండా వచ్చింది. నువ్వు సరుకులు దించుకున్నావని, డ్రైవరుతో ఒక్క మాటా అనలేదని చెప్పాడు. క్షేమంగానే ఉన్నావనుకున్నాను.

అమ్మాయి చేరిందా? జ్వరం మందు, తాడు, దుప్పట్లు పంపాను. దుప్పట్లు నువ్వు ఎక్కువ కావాలన్నావు కదా, ఎక్కువే పంపాను.

అక్క


ఆఫీసు, మేడ మీది గది

నాన్నా,

ఈ వారం కూడా ఏమీ రాలేదు.

నీకు రాయాల్సిన పని ఏమీ లేదు. అయినా రాస్తున్నాను. ఆదివారం కింద మిషన్లు ఉండవు. వీధిలో ఎవరో ఎవరినో పిలిచినా నన్నేనేమో అని కిటికీ దగ్గరికి వెళ్తున్నాను. ఎన్ని బళ్ళ పిల్లలకి ఒంటరి గంట పథకాలు వేశానో. నాకది ఆఫీసు తాళం వేశాక మొదలవుతుంది. లేవదీయడానికి ఎవరూ రారు కాబట్టి నేనే లేచి దీపం వేసుకుంటాను.

నీకు నీడెక్కడో నేను అడగలేదన్నావు. అడగలేదు, నిజమే. నువ్వు కొండ మీద ఉన్నావు, చుట్టూ చెట్లున్నాయి, నీకేం లోటనుకున్నాను.

కోపం ఉంటే కోపమే రాయి. ఉత్తి కాగితమైనా పంపు.

అక్క


కొండ మీద, శిబిరం వరండా
మంచు బాగా పడుతోంది

అక్కా,

కోపం రాద్దామని కూర్చున్నాను. చాలాసార్లు కూర్చున్నాను. ఏ కాగితమూ కవరులోకి వెళ్ళలేదు. చివరికి కోపం సగమైపోయి సిగ్గు మిగిలింది. సిగ్గుతో ఉత్తరం రాయడం ఇంకా కష్టం.

అమ్మాయి వచ్చింది. పొట్టిది, గట్టిది, వంటాయన కన్నా ఎక్కువ తింటుంది. మొదటి రోజు నేను ఆమెతో మాట్లాడలేదు. రెండో రోజు మాట్లాడక తప్పలేదు, వాగు దగ్గర తప్పు చోట దిగబోయింది. మూడో రోజు నేనే అడిగాను. "అమ్మాయ్, ఆ ఇనుప ఈల తీసుకుని చదును బండ మీదికి వెళ్ళి ఊదు. నేను ఇక్కడి నుంచి వింటాను" అన్నాను. వంటాయన నా పక్కన నిలబడ్డాడు, సాక్షిగా.

ఆమె వెళ్ళి నిలబడింది. ఈల నోట్లో పెట్టుకుంది. ఎంతసేపటికీ ఊదదు. నాకు విసుగొచ్చి చెయ్యి ఊపాను, "ఊదమ్మా, ఊదు" అని. మళ్ళీ ఊపాను. అప్పుడు పక్కకి చూస్తే వంటాయన రెండు చెవులూ మూసుకుని ఉన్నాడు.

ఊపుతున్న చెయ్యి దించేశాను అక్కా. నీలం టోపీ పిల్ల నా వైపు ఎలా చూసిందో అప్పుడు అర్థమైంది. ఊదొచ్చు కదమ్మా అన్నాను నేను, ఆ పిల్లతో. టీచరమ్మకి ఇంకో ఉత్తరం రాశాను. ఈసారి గాలి సంగతి రాయలేదు.

నువ్వు చేసింది మంచిదే. ఇది రాయడానికి ఇన్ని వారాలు పట్టింది. బాధ మాత్రం పోలేదు, పోతుందని కూడా అనుకోను. చిన్నపిల్లలు వచ్చి వెళ్ళారు. ఆమే నడిపించింది. నేను వెనక తాడూ నీళ్ళూ మోస్తూ నడిచాను. ఒకడు నా చెయ్యి పట్టుకుని దారంతా ఏదో చెప్తూనే ఉన్నాడు, ముఖం కిందికి వేసుకుని చెప్తున్నాడు, నాకు ఒక్క ముక్కా అందలేదు. ఊఁ కొట్టాను. నాన్నలాగే.

అయితే ఒకటి జరిగింది, అది చెప్పడానికే ఈ ఉత్తరం. ఒంటరి గంట అప్పుడు అమ్మాయి పిల్లలందరినీ కూర్చోబెట్టి నా దగ్గరికొచ్చి, "మీరూ కూర్చోండి, మీ చోటు అదిగో" అని వేలు చూపించింది. నేనా అన్నాను. "మీరెప్పుడైనా కూర్చున్నారా?" అంది. లేదు. అందరినీ కూర్చోబెట్టడమే కాని నేనెన్నడూ కూర్చోలేదు. సరే అని వెళ్ళి కూర్చున్నాను. పిల్లల కోసం చెవి పెట్టి ఉండాల్సిన పని లేదు. ఎవరికి ఏమవుతుందో అన్న భయం లేదు. ఆకులు కదలడం చూస్తూ కూర్చున్నాను. అంత నిశ్శబ్దంలో మొదట భయమేసింది, తర్వాత ఏడుపొచ్చింది, తర్వాత ఏదీ రాలేదు. గంట ఎప్పుడైపోయిందో తెలియదు. ఆమె ఈల ఊది పిల్లల్ని పోగుచేసిందట. నాకు ఈల ఊదలేదు. అంత దూరం ఎక్కి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

పిలుపు అందని వాడి దగ్గరికి మనిషే నడిచి రావాలని ఆ పిల్లకి ఎవరు చెప్పారో. నేను చెప్పలేదు.

నీ ఆదివారం ఉత్తరం చదివాను. నీ గది, నీ దీపం. నీకూ ఇంతేనని నాకు తెలియదు. ఇద్దరం ఇన్నాళ్ళూ దారుల గురించి రాసుకున్నాం.

డాక్టరు దగ్గరికి చలి తగ్గాక వస్తాను. చెవిలో పెట్టుకునే యంత్రం సంగతి అమ్మాయి చెప్తోంది. చూద్దాం. కిందికి రావాలంటే ఇంకా భయంగానే ఉంది. అక్కడ అందరూ ఒకేసారి మాట్లాడతారు.

నీ తమ్ముడు


ఆఫీసు, మేడ మీది గది

నాన్నా,

నువ్వు దిగి రానక్కర్లేదు. డాక్టరు ఎక్కడికీ పోడు.

పెద్దాయన్ని సెలవు అడిగాను. ఇన్నేళ్ళలో అడగలేదు కాబట్టి ఆయన ముందు నాకు జబ్బు చేసిందనుకున్నాడు. తర్వాత ఇచ్చాడు.

వచ్చే జీపులో బంగాళాదుంపల పక్కన నేనుంటాను. మలుపు దగ్గర దిగి మిగతాది నడుస్తాను. నడవగలను, మెల్లగా. నాకు పరుపు వద్దు, పిల్లలు పడుకునే చోటే పడుకుంటాను. పొద్దున ప్రార్థనకి వరండా చాలు.

నువ్వు ఏ పనిలో ఉన్నా పిలవను. వచ్చి నీ ఎదురుగా నిలబడతాను. నువ్వు చూసేదాకా అక్కడే ఉంటాను.

అక్క